ప్రస్థానం పెట్టిన పెట్టె

నేను ఒక సూట్‌కేసును. ముదురు నీలం రంగు, రెండు చక్రాలు, అంకెల తాళం. ప్రయాణాలు చెయ్యడానికే పుట్టిందని నన్ను చూసినవాళ్ళెవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, నా ఖర్మ. నాకెందుకింత ఒళ్ళుమంటో చెప్తాను, విని మీరే న్యాయం చెప్పండి.

ఎక్కడో మహారాష్ట్రలో నన్ను అచ్చుపోశారు. చక్రాలు బిగించినతను నన్ను నేలమీద అటూ ఇటూ లాగి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. ఆ పరుగే పరుగు. ఆ తర్వాత నన్ను తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళిలో చదివించారు. ఆ పెళ్ళికొడుకు నన్ను అట్టపెట్టెలోంచి తియ్యను కూడా తియ్యకుండా కొన్నేళ్ళు అటక మీద దాచి, ఇంకెవరి పెళ్ళిలోనో చదివించేశాడు. వాళ్ళు నాలో శీతాకాలం దుప్పట్లు కుక్కి మంచం కిందకి తోశారు. అవి మాసిపోయాక నన్ను శుభ్రంగా తుడిచి, మెరుగు కాగితం చుట్టి, తణుకులో పురుషోత్తం గారి షష్టిపూర్తికి పట్టుకెళ్ళారు. కొత్తదేనన్నారు. మనుషులు అబద్ధం చెప్పేటప్పుడు ఎంత చక్కగా నవ్వుతారో!

పురుషోత్తం గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన భార్య పారిజాతం గారికి ఊళ్ళు చూడాలని మహా సరదా. హమ్మయ్య, ఇక నా చక్రాలకు పని దొరికిందనుకున్నాను. ఎక్కడ! మాస్టారి చేతిలో పంచాంగం ఉంటుందిగా. కాశీకని ఆవిడ నన్ను సర్దితే, శూన్యమాసం అన్నారు. విప్పేసింది. ఊటీకని సర్దితే, వీధి గుమ్మం దాటగానే పిల్లి అడ్డొచ్చింది. విప్పేసింది. పూరీ ప్రయాణమైతే రిక్షా ఎక్కాక పక్కింటాయన తుమ్మడంతో ఆగిపోయింది. ఆవిడ ఇస్త్రీ మడత నలగకుండా బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టుకునేది. నాకు మాత్రం ఆ తుమ్మినాయన ముక్కు మీద దబ్బున పడాలనిపించేది.

ఈసారి ఆవిడ మాస్టార్ని అడగలేదు. చీటీ పాడుకున్న డబ్బుతో విశాఖపట్నం నుంచి బయల్దేరే ఓడకి రెండు టిక్కెట్లు కొనేసింది. రెండు రాత్రులు సముద్రం మీద ఉండి మళ్ళీ అక్కడికే తిరిగి రావడం. "నాకు మోకాళ్ళు అరిగిపోతున్నాయండీ. ఇంకో రెండేళ్ళు పోతే మెట్లెక్కలేను. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంక వెళ్ళను" అంది. ఆ మాటకి మాస్టారు కాస్త తగ్గారు. ఓడని అందుకోవడానికి ముందురోజే వచ్చి, హార్బరు దగ్గర వన్‌టౌన్లో ఒక లాడ్జిలో దిగాం.

దిగీ దిగగానే ఓడ బయల్దేరే టైము ఫోన్లో వచ్చింది. మాస్టారు వెంటనే కళ్ళజోడు పెట్టుకున్నారు.

"చచ్చాంరా బాబూ! మంగళవారం, అందులోనూ రాహుకాలం."

"అయితే ఏంటండీ? ఓడలో మనతోపాటు ఎన్ని వందలమంది ఉంటారు! అందరికీ అదే రాహుకాలం."

"వాళ్ళ సంగతి మనకెందుకే? ఉండు, ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టేద్దాం."

ప్రస్థానం అంటే తెలియని పిల్లలుంటారు, చెప్తాను. ప్రయాణం చేసే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి గడియలో మన సామాను కాస్త తీసుకెళ్ళి దారిలో పరాయివాళ్ళ చోట పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మర్నాడు ఏ వేళకి బయల్దేరినా దోషం లేదు, పోతూ పోతూ సామాను తీసుకుపోవచ్చు. ముహూర్తాన్ని మోసం చెయ్యడానికి మనిషి కనిపెట్టిన దొడ్డిదారి ఇది. బలి అయ్యేది మాత్రం పెట్టె.

ఉన్నది నేనొక్క పెట్టెనే కదా. ప్రస్థానంలో యజమాని పేరున్న వస్తువు ఉండాలంటూ మాస్టారు తన ఆధార్ కార్డు నాలో పడేశారు. ఆవిడ కార్డు కూడా ఇమ్మన్నారు.

"నాది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది" అంది ఆవిడ.

"సర్లే. యజమాని పెడితే ఇల్లాలికీ చెల్లుతుంది."

వీధి చివర అసిరయ్య అనే అతను నడిపే కాఫీ పొడి కొట్టు ఉంది. మాస్టారు అరకేజీ పొడి కొని, ఒక్క రాత్రి ఈ పెట్టె ఉంచుతావా అని అడిగారు. "దానికేటుంది బాబూ, ఆ మూలనెట్టండి" అన్నాడతను. నన్ను గింజల బస్తాల మధ్యకి నెట్టి, మాస్టారు గొప్ప పని సాధించినట్టు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆవిడ పరుగున వచ్చింది, వెనకే మాస్టారు. "మీ బీపీ మాత్రలు ఇందులోనే ఉన్నాయండీ, తీసుకోనివ్వండి." మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ప్రస్థానం పెట్టిన పెట్టెని బయల్దేరేలోపు ముట్టుకోకూడదట. ఆవిడ వెళ్ళి మందుల షాపులో వేరే మాత్రలు కొంది. అసిరయ్య షట్టరు దించి తాళం వేశాడు.

మర్నాడు నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. పొద్దెక్కింది, వీధిలో ఆటోల రొద మొదలైంది. షట్టరు లేవదే! మధ్యాహ్నానికి బయట మాస్టారి గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఈ కొట్టు ఇంకా తియ్యలేదేం?"

ఎవరో దారిన పోయేవాళ్ళు జవాబు చెప్పారు. "మంగళారం ఈ కొట్టుకి సెలవండి. ఏడాది పొడుగునా అంతే."

తిథి చూశారు, వారం చూశారు, నక్షత్రం చూశారు. కొట్టుకి సెలవెప్పుడో చూడలేదు మా మాస్టారు! నాకు నవ్వొచ్చిందనుకుంటున్నారా? ఏడుపొచ్చింది. నా జన్మలో మొదటి అసలైన ప్రయాణం రేకు షట్టరుకి అవతల నిలబడి ఉంది.

బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేశారు. అసిరయ్య చోడవరంలో బావమరిది ఇంట్లో ఉన్నాడు. "అయ్యో బాబూ, తమరు అడగనేదు, నేను సెప్పనేదు. బస్సెక్కేత్తన్నాను, ఉండండి." ఓడవాళ్ళకి చేస్తే, ఒరిజినల్ ఆధార్ కార్డు చూపించందే ఎక్కనివ్వం అన్నారు, ఫోన్లో ఫోటో పనికిరాదట. పైగా లోపలికి వెళ్ళే గేటు ఇంకాసేపట్లో మూసేస్తారట.

మాస్టారు షట్టరుని కాలితో తన్నారు. ఆ మోతకి నా తాళం అదిరింది. "అనుకున్నానే! మంగళవారం ఊరికే పోతుందా? పద, లాడ్జికి పోదాం. వచ్చే మాఘంలో మంచి రోజు చూసి..."

"నేను వెళ్తున్నానండీ."

ఎంత నెమ్మదిగా అందంటే, మొదట నాకు సరిగా వినబడిందా అనిపించింది.

"ఎక్కడికే?"

"ఓడ దగ్గరికి. నా కార్డు నా దగ్గరే ఉంది, టిక్కెట్టూ ఉంది."

"నీకేమైనా పిచ్చా? పెట్టె లోపలుంది. రెండు రోజులు కట్టుబట్టలతో ఉంటావా?"

"ఉంటాను."

"నేనిక్కడ ఒక్కణ్ణీ ఏం చెయ్యను?"

"లాడ్జి గది ఖాళీ చెయ్యకండి. ఎదురుగా మెస్సుంది, పప్పు బావుంది. మాత్ర వేసుకోవడం మర్చిపోకండి." ఒక్క క్షణం ఆగింది. "ఎన్నిసార్లు విప్పానండీ ఆ పెట్టె? ఇంక నావల్ల కాదు."

ఆటో ఆగిన చప్పుడు, బయల్దేరిన చప్పుడు. ఆవిడ వెళ్ళిందని నాకు సంతోషమే. కానీ నన్ను వదిలేసి వెళ్ళిందే! సర్దినప్పుడల్లా ఆశపడి, విప్పినప్పుడల్లా ఆవిడతో పాటు ఏడ్చినదాన్ని నేను. నాకూ చక్రాలున్నాయి కదా.

అసిరయ్య వగర్చుకుంటూ వచ్చి షట్టరు లేపేసరికి ఎండ తగ్గిపోయింది. మాస్టారు నన్ను పట్టుకుని హార్బరు గేటు దాకా లాక్కెళ్ళారు. ఒక చక్రం గోతిలో పడి విరిగింది. ఓడ అప్పటికే కదిలి, మెల్లగా మలుపు తిరుగుతోంది. పైన మనుషులు చేతులూపుతున్నారు. వాళ్ళలో ఆవిడ ఎవరో అంత దూరం నుంచి తెలియలేదు. అయినా మాస్టారు చెయ్యి ఊపారు. అటునుంచి ఎవరో ఊపారు, ఎవరికో.

లాడ్జికి తిరిగొచ్చి నన్ను మంచం మీద పెట్టి విప్పారు. ఆవిడ బట్టలు తీసి ఆరేద్దామనుకున్నారు కాబోలు, కాఫీ వాసన పట్టేసిందని. నాలోంచి ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మాస్టారి పంచెలు, మాస్టారి బనీన్లు, మఫ్లరు, బీపీ మాత్రలు, ఓడలో తల తిరుగుతుందేమోనని అల్లం మురబ్బా, మోకాలికి రాసుకునే నూనె, ఆయన తినే జంతికలు, ఆయనకి నిద్రపట్టాలంటే ఉండాల్సిన దిండుగలీబు. అడుగున మడత పెట్టిన ఒకే ఒక్క చీర.

ఆయన ఫోన్ చేశారు. "పారిజాతం, నీ బట్టలేవే? ఇందులో అన్నీ నావే ఉన్నాయి."

"ఎప్పుడూ అంతేగా అండీ" అంది ఆవిడ. వెనక నుంచి గాలి హోరు వినిపిస్తోంది. "ఇక్కడ గాలి ఎంత బాగుందో..." అంటుండగానే సిగ్నలు పోయింది.

మాస్టారు ఆ చీర ఒళ్ళోకి తీసుకున్నారు. తర్వాత అన్నీ మళ్ళీ నాలో సర్దబోయారు. ఆయన ఎప్పుడూ సర్దింది లేదుగా. పంచెలు ఉండచుట్టి కుక్కారు, సీసా అడ్డం పెట్టారు. మూత నొక్కారు, మోకాలు ఆనించారు, చివరికి ఎక్కి కూర్చున్నారు. ఎన్ని తిప్పలు పడ్డా మూత పడలేదు.