చీపుళ్లు పట్టిన చెయ్యి

డ్రమ్ము మీద రాసి వాయించే తీగల కుంచెల్ని పారిస్‌లో మేం చీపుళ్లనే అంటాం. చీపుళ్లతో ఆర్మెల్‌ను మించినవాణ్ణి నేను చూడలేదు. ఇరవై ఏళ్లు అతని పక్కన బేస్ వాయించాను, ఆ మాట అనే హక్కు నాకుంది. అమెరికా నుంచి వచ్చే సాక్సోఫోన్ దొరలు విమానం దిగుతూనే ఆర్మెల్ ఖాళీగా ఉన్నాడా అని అడిగేవారు. మా పత్రికలవాళ్లకు మాత్రం జాజ్‌లో ఏ మంచిదైనా సముద్రం దాటే రావాలి.

ఆర్మెల్ డ్రమ్ముల కోసం పోస్టాఫీసు ఉద్యోగం వదిలేసినప్పుడు వాళ్లమ్మ, "చీపురు పట్టడానికి క్లబ్బుదాకా పోవాలట్రా? ఇంట్లోనే ఉందిగా," అంది. ఆరంతస్తుల భవనానికి కాపలామనిషి ఆవిడ. రోజూ తెల్లారగానే మెట్లన్నీ ఊడ్చేది. ఆ చప్పుడుకే నిద్రలేస్తూ ఆర్మెల్ పెరిగాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మొదటిసారి కచేరీకి వచ్చింది. ఆర్మెల్ ఒక్కడే చీపుళ్లు ఆడిస్తుంటే హాలంతా ముందుకు వంగి వింది. అయ్యాక దెల్ప్యెర్ అనే విమర్శకుడు వేదిక వెనక్కి వచ్చాడు.

"ఏ అమెరికావాడి దగ్గర నేర్చావయ్యా ఇదంతా?"

"మా అమ్మ దగ్గర," అన్నాడు ఆర్మెల్, పక్కనే నిలబడ్డ ఆవిణ్ణి చూపిస్తూ.

దెల్ప్యెర్ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "నిజమేనా మదామ్?" అని ఆవిణ్ణే అడిగాడు.

"చీపురు పట్టడం నేర్పింది నేనే అయ్యా," అందావిడ, కొడుకు కాలరు సర్దుతూ. "కాని నేను దుమ్ము లేవకుండా ఊడుస్తాను. వీడు దుమ్ము లేపుతాడు."