మూడు వేళ్ళ మడత

మా అమ్మాయిని ఇంట్లో బొత్తాం అని పిలుస్తాం. నేను దర్జీని, అందుకే ఆ ముద్దుపేరు. మూడేళ్ళప్పుడు దాని తలలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు, మిగిలినదానికి ముప్ఫై రోజులు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఆ ముప్ఫై రోజులూ మూసిన తలుపు బయట నిలబడి దేవుణ్ణి నేనడిగింది ఒక్కటే, ప్రాణం. ఇంకేమీ అడగనన్నాను. ఇప్పుడు దానికి ఏడున్నర. గడ్డ మళ్ళీ రాలేదు. ఆయన వైపు నుంచి లోటేమీ లేదు. మరి నా కాలు ఒకచోట ఎందుకు నిలవదు?

పెరిగే పిల్లల గౌనుకు అడుగున మూడు వేళ్ళ మడత లోపలికి వదిలి కుట్టడం మా పనిలో అలవాటు. పిల్ల ఎదిగితే ఆ మడత విప్పి పొడవు చేస్తాం. పోయిన ఏడాది బొత్తానికి కుట్టిన రెండు గౌన్లకూ మడత విప్పే అవసరమే రాలేదు. ఆ సంగతి ముందు తెలిసింది నాకే. మా ఆవిడ బిస్కట్ల ఫ్యాక్టరీలో పనికి పోతుంది. ఒక సాయంత్రం వచ్చి చెప్పులైనా విప్పకుండా, "ఏమండీ, పిల్ల ఎదగడం లేదేమో" అంది. ఆ మొహం నేను చూడలేకపోయాను.

మర్నాడు ఆమె పనికి వెళ్ళగానే గౌను తీశాను. మడత విప్పలేదు, ఇంకో రెండు వేళ్ళు పైకి మడిచి కుట్టేశాను. ఆదివారం తొడిగితే మోకాళ్ళ పైకి వచ్చింది.

"అమ్మో, అప్పుడే పొట్టిదైపోయిందే! నువ్విలా ఎదిగిపోతే మీ నాన్న వేరేవాళ్ళ బట్టలు కుట్టినట్టే ఇక!" అని మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం రెండో గౌను కూడా మడిచాను.

ఆ ధీమాతోనే, పిల్ల ఎత్తూ బరువూ చూసే ఆర్నెల్ల చెకప్‌ను ఆమె మాన్పించింది. "ఎదుగుతున్న పిల్లకి సెలవు పెట్టి మరీ ఎందుకండీ?" అంది. సరేనన్నాను. ఆ తర్వాత ప్రార్థనకు కూర్చున్నా చేతిలో పూసల లెక్క తప్పేది, మొదటినుంచి మొదలెట్టేవాణ్ణి.

ఈరోజు ఏడాదికోసారి తీసే స్కానింగ్ కోసం ఆసుపత్రికి వెళ్ళాం. అందులో గడ్డ ఏమీ లేదంది డాక్టరమ్మ. జేబులో టేపును చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం, ఇదే నా పని.

"బొత్తాం, మీ నాన్న ఏం పని చేస్తారు?" అని డాక్టరమ్మ అడిగింది.

అది ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది.

"బళ్ళోనూ ఇంతేనమ్మా. అడిగినవాళ్ళు మర్చిపోయాక జవాబు చెబుతుంది" అంది మా ఆవిడ.

"అంత చిన్న వయసులో రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో ఈ నిదానం ఉండొచ్చు. తెలివి లేక కాదు, తనకు కాస్త టైమివ్వాలి" అంది డాక్టరమ్మ.

నర్సు పిల్లను గోడకున్న కొలత దగ్గర నిలబెట్టింది. "నూట ఎనిమిది సెంటీమీటర్లు. పోయినేడూ ఇంతే."

మా ఆవిడకు చర్రుమంది. "మీ గోడే సరిగ్గా లేదు!"

"గోడ కుంగితే ముందు మా మీదే పడేదమ్మా" అంటూ నర్సు మళ్ళీ కొలిచింది. నూట ఎనిమిదే.

"రెండు గౌన్లు పొట్టివైపోయాయి, ఎదగకుండానే అయ్యాయా? మా ఆయన దర్జీ. ఏమండీ, చెప్పరేం?"

టేపు జేబులోంచి జారి కింద పడింది. తీయడానికి వంగాను. వంగినవాణ్ణి అలాగే నేల చూస్తూ చెప్పాను. "పొట్టివి కాలేదు. నేనే మడిచి కుట్టాను."

డాక్టరమ్మే మెల్లగా అందుకుంది. ఎదుగుదలను నడిపే బఠానీ గింజంత గ్రంథి ఒకటి మెదడు అడుగున ఉంటుందట. కరెంటు దాని మీదా పడి ఉండొచ్చట. రక్తపరీక్ష, చేతికి ఎక్స్‌రే తీయాలట, అవసరమైతే రోజూ ఇంజెక్షన్. "ఆర్నెల్ల ముందే వస్తే బాగుండేది. ఇప్పుడైనా మించిపోలేదు. ఎంత ఎదుగుతుందో మాత్రం నేను మాటివ్వలేను."

బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మధ్యలో బొత్తాం. రెండు స్టాపులు దాటాక అది, "గౌన్లు పొట్టివి చేస్తాడు" అంది.

"ఎవరే?"

"నాన్న. డాక్టరమ్మ అడిగిందిగా, ఏం పని అని."

మా ఆవిడ ఇటు తిరిగింది. "నీకు తెలుసా? మరి నాకు చెప్పలేదేం?"

అది ఆలోచించింది. ఇంకో స్టాపు వెళ్ళిపోయింది. ఇద్దరం తొందరపెట్టలేదు.

"నువ్వు నవ్వావుగా" అంది.

ఇంటికి రాగానే మా ఆవిడ రెండు గౌన్లూ తెచ్చి మిషను మీద పడేసింది. "విప్పండి. నా ఎదురుగా."

విప్పాను. దారం వచ్చేసింది కానీ మడత గీతలు గుడ్డ మీద అలాగే ఉన్నాయి. తర్వాత పిల్లను తలుపుకు ఆనించి నిలబెట్టి, "కొలవండి. పైకి చెప్పండి" అంది.

"నూట ఎనిమిది."

దేవుడి ముందు కూర్చున్నాను. ప్రాణం చాలన్నవాణ్ణి, ఇప్పుడు ఇంకొకటి అడిగితే అత్యాశ అవుతుందా? లేక అడగకపోవడమే తప్పా? అడగనూ లేదు, లేవనూ లేదు.

"రక్తపరీక్షకు రేపు ఎన్నింటికి రమ్మన్నారు?" వెనక నుంచి మా ఆవిడ గొంతు.

"ఎనిమిదికి."

"ఏడుకే బయల్దేరదాం."