నల్లరేగడి దాచింది

నల్లరేగడి నేలతో ఒక సుఖముంది. ఏం పోసినా కాలితో ఇంత మన్ను తోస్తే చాలు, ఆనవాలుండదు. బొమ్మక్క సంసారమంతా ఆ సుఖం మీదే నడిచింది.

కడుపునొప్పి వచ్చినప్పుడల్లా ఆమె మూత్రం నేరేడుపండు రసంలా ఎర్రబడేది. అది పుట్టింటి ఆడవాళ్ళ జబ్బు. ఊళ్ళో తెలిస్తే నడత చెడి వచ్చిన రోగమంటారు. అందుకే మొగుడు వీరసామికి చెప్పలేదు. అన్న కూతురు పొన్నుతాయిని కోడలిగా తెచ్చుకున్నాక ఆ పిల్లకూ చెప్పలేదు.

ఇప్పుడు పొన్నుతాయి విరుదునగరం ఆస్పత్రిలో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. కోయాలన్నారు. మూత్రానికి మంచం కింద తెల్ల పింగాణీ పాత్ర పెట్టారు. ఎండ తగిలి అందులోది ఎర్రబడుతుండగానే బొమ్మక్క కొంగు కప్పి తీసుకెళ్ళి పారబోసి, కడిగి తెచ్చింది. పత్తి చేలో కూడా ఆమె ఎన్నడూ అంత చురుకు చూపలేదు.

దొరల సీమ నుంచి కొత్తగా వచ్చిన నిద్ర సూదితో డాక్టరమ్మ పెరియనాయగి వచ్చింది.

"మీ వంశంలో నిద్రమందు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని తమిళంలో అడిగింది.

బొమ్మక్కకు అక్క చిన్నతాయి గుర్తొచ్చింది. ఆమె కోవిల్‌పట్టిలో ఇలాంటి నొప్పికే నిద్రపొడి వేసుకుంది. కాళ్ళూ చేతులూ పడిపోయి, చివరికి ఊపిరాగింది. గాలి సోకిందని ఊరికి చెప్పుకున్నారు.

"లేదమ్మా" అంది బొమ్మక్క.

"మా ఇంట అట్లాటి రోగాలు లేవు" అని వీరసామి మీసం దువ్వుకుంటూ వంత పాడాడు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఇక్కడ చించబోయేది కోడలి కడుపు. అత్త మాత్రం తన పరువును పట్టుకుని నిలబడింది. సిగ్గు మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చూడండి!

డాక్టరమ్మ పొన్నుతాయి మోచేతిని దూదితో తుడిచింది.

"ఆగమ్మా!"

తన అరుపుకు బొమ్మక్క తనే అదిరింది. "మా అక్క అట్లాటి మందుకే సచ్చిపాయె. ఈ పిల్లకు ఎర్రగా పోతాది. నేనే పారబోస్తిని. నాకూ అంతే."

వీరసామి వరండాలోకి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ సూది పళ్ళెంలో పెట్టేసింది. "ఇది ఎక్కించి ఉంటే పిల్ల దక్కేది కాదు. ఈ నొప్పి ఆ జబ్బుదే, ఇక కోయను" అంది.

బొమ్మక్క తలెత్తలేక నేల చూస్తూ ఏడ్చింది. మంచం మీంచి పొన్నుతాయి గొంతు సన్నగా వినిపించింది.

"నీకూనా అత్తా? నేనొకదాన్నే పాపిష్టిదాన్ననుకుంటిని. నువ్వు సూస్తావేమోనని పెరట్లో మన్ను కప్పుతా ఉంటిని."

ఆ పిల్ల మన్ను కప్పడం బొమ్మక్క చూసింది. చూసి, ఎరగనట్టు ఊరుకుంది.