తాయారమ్మ మధ్యాహ్నపు జపం

రామ్‌ప్రసాద్ పెళ్ళానికి చేతివాచీ కొనిపెట్టింది ప్రేమ పొంగి కాదు. వాసవి కొంటా అనే ఊళ్ళో, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటుంది. కోడలు పగలు పడుకోవడం అత్త తాయారమ్మకు కంట్లో నలుసు. నిద్రను కొలిచి మార్కులు వేసే ఆ వాచీ అందుకే ఇంట్లోకి వచ్చింది.

మార్కులు రామ్‌ప్రసాద్ ఫోనులో పడతాయి. వాసవి మండే కళ్ళతో లేచి వడ్డిస్తుంటే, భోజనాల దగ్గర అతను అవి పైకి చదువుతాడు. రాత్రి నిద్రకే మార్కులు. పగటి నిద్రను ఆ వాచీ చూపిస్తుందే గానీ మార్కుల్లో కలపదు. రోజూ ఫెయిలే.

"ఈ వారం గూడ ఇట్లనే ఉంటే నౌకరి బంద్," అన్నాడొకనాడు. "నేనే పోయి పెద్ద డాక్టర్ సాబ్‌కు చెప్పొస్త."

ఆ ఇంట్లో వాసవికి తనదంటూ ఉన్నది ఆ ఉద్యోగమొక్కటే. అది పోతే మిగిలేది వంటిల్లూ, అత్త నోరూ.

అతను దుకాణానికి వెళ్ళగానే తాయారమ్మ అందుకుంది. "నిద్రెట్ల పోవాల్నో నేను చూపిస్త, ఇటు తే!" వాచీ గుంజుకుని తన గాజుల వెనక కట్టుకుంది. ఆ సంగతి వాసవి మొగుడికి చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

అది ఇప్పపువ్వు కాలం. దుకాణం కోసం అడవి పల్లెల నుంచి కొన్న పువ్వు పెరట్లో ఎండుతోంది. వాసన పట్టిన పశువులు రాత్రంతా కంచె మీద పడతాయి. జీతగాళ్ళ మీద నమ్మకం లేని తాయారమ్మ తనే కర్ర పట్టుకుని లేస్తుంది, అదిలిస్తుంది, పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. మధ్యాహ్నం మాత్రం దేవుడి గది తలుపు వేసుకుని జపానికి కూర్చుంటుంది. ఆ జపం గురక గడప దాటి వినిపిస్తుంది. అదేమిటని అడిగే గుండె ఇంట్లో ఎవరికీ లేదు.

వారం తిరిగింది. కంచం ముందు కూర్చుని రామ్‌ప్రసాద్ ఫోను ఎత్తి పట్టాడు.

"చూడమ్మా నీ కోడలి వైభోగం! ఎన్కటి కంటే అధ్వానం. రాత్రంత దయ్యం లెక్క తిరుగుడే, పట్టపగలు మొద్దు నిద్ర. ఇసొంటిది ఉన్న కొంపల దీపం నిలుస్తదా? సిగ్గు లేని జన్మ!"

తాయారమ్మ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

వాసవి నెయ్యి గిన్నె కింద పెట్టి రెండు చేతులూ చాచింది. గాజులు తప్ప ఏమీ లేవు.

"ఇంకోపారి చదువుండ్రి. గట్టిగ. అత్తమ్మకు సరిగ్గ వినబడలే."

రామ్‌ప్రసాద్ చూపు పెళ్ళాం చేతుల నుంచి తల్లి చేతికి పాకింది. గాజుల సందున వాచీ మినుకుమంటోంది.

"అమ్మా, నువ్వా..."

"ఎవతిరా సిగ్గు లేని జన్మ? రాత్రంత పువ్వు కాసేదెవరనుకున్నవ్? పగటీలి ఇంత నడుం వాలిస్తే తప్పా?"

ఆ మాట కోసమే వాసవి కాచుకుని ఉంది. "తప్పెట్లయితది అత్తమ్మా? రాత్రి పనిచేసినోళ్ళు పగలు పడుకుంటరు."

తాయారమ్మ ఆమెను నమిలి మింగేలా చూసింది. వాచీ ఊడబీకి కొడుకు కంచంలో పప్పుచారులోకి విసిరింది.

ఆ పూట ఎవరూ ఎవరినీ క్షమించలేదు. వాసవికి జాలి కలగలేదు; కసిగా, కడుపునిండా సంతోషం కలిగింది. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బయట రామ్‌ప్రసాద్ ఏదో అరవబోయాడు.

"నోర్ముయ్‌రా," అంది అత్త, పళ్ళు నూరుతూ. "కోడలు జపం చేస్కుంటున్నది."