దొరసానికి కొలతలు

ముందు గదిలో వరసగా మూడో రోజు కూడా నేల తడిసేసరికి ప్లంబర్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. ఊళ్లో అందరి పైపులూ బాగుచేసే మనిషి ఇంట్లోనే కారడమా! టీ అయినా తాగకుండా సుత్తీ ఉలీ పట్టుకొచ్చాడు.

“గచ్చు కింద పైపు పగిలింది. అనుమానమే లేదు.”

“ఆ పైపు వేసింది మీరే కదండీ,” అంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. ఆమె దర్జీ పని. ఆ ముందు గదే ఆమె దుకాణం.

ఆ మాటతో అతనికి ఇంకా పట్టుదల పెరిగింది. టకటకా నాలుగు పలకలు పగలగొట్టాడు. కింద మన్ను ఎండిపోయి పొడిపొడిగా ఉంది. ఐదోది కూడా లేపాడు. అదీ అంతే.

బట్టలు కత్తిరించే బల్ల కింద పడుకున్న దొరసాని ఆ దుమ్ముకి రెండుసార్లు తుమ్మి, విసుగ్గా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. దొరసాని అంటే వాళ్ల పదమూడేళ్ల ఆడకుక్క. నడకలో ఉన్న దర్జా చూసి ఆ పేరు పెట్టారు. అది లేచిన చోట పళ్లెమంత తడి మెరుస్తోంది.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న దర్జీ అత్తగారు గొంతు సవరించుకుంది. “ఒరేయ్, నీ పైపు భూమిలో లేదురా. అదిగో, నాలుగు కాళ్ల మీద నడిచిపోతోంది.”

ప్లంబర్ సుత్తి కింద పెట్టేశాడు. దర్జీకి మాత్రం నవ్వు రాలేదు. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పుడు గుడ్డపేలికల్లో చుట్టి తెచ్చుకున్న కుక్క అది. జోరువానలో కూడా తలుపు గీకి బయటికి వెళ్లొచ్చేదే తప్ప, ఇంట్లో ఒక్కనాడు తప్పు చేసి ఎరగదు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. చాపలు ఉతకడం, ఆరెయ్యడం, మళ్లీ ఉతకడం. బల్ల మీంచి జారిన బ్యాంకు మేనేజరు ప్యాంటు మీద దొరసాని హాయిగా ఓ కునుకు తీసింది. ఉతికి ఆరేలోపే ఆయన ఊడిపడ్డాడు.

“తడిగా ఉందేంటమ్మా?”

“ఇస్త్రీకని నీళ్లు చల్లానండీ.”

ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “నీళ్లలో ఏం కలిపారు?”

“పెరట్లో కట్టెయ్యండి దాన్ని. వయసయిపోయింది,” అని అత్తగారు రోజూ అదే పాట. ప్లంబర్ తన వృత్తిధర్మం ప్రకారం నీళ్లొచ్చే మెయిన్ వాల్వే కట్టేద్దామని దొరసాని నీళ్లగిన్నె దాచేశాడు. అది వెళ్లి అతని స్నానం బకెట్లో మూతి పెట్టి సగం ఖాళీ చేసింది. దాంతో దర్జీ ఇద్దరి మీదా అంతెత్తున లేచి, పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

మూత్రం పట్టి తెమ్మంది డాక్టరమ్మ. పొద్దున్నే పాత గరిటె ఒకటి పట్టుకుని ప్లంబర్ దొరసాని వెనకాల వీధంతా తిరిగాడు. అది కూర్చోబోతుంది, ఇతను గరిటె చాపుతాడు, అది మర్యాదగల ఆడదానిలా వెనక్కి తిరిగి ఓ చూపు చూసి లేచిపోతుంది. నాలుగో స్తంభం దగ్గర పని జరిగింది. గరిటె గాల్లోకెత్తి “దొరికింది!” అని అతను వేసిన కేకకి రెండు మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి.

పరీక్షలో చీము, షుగరు, ఏమీ లేవు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. “నిద్రలో మూత్రాన్ని పట్టి ఉంచే కండరం వదులైంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక ఇది మామూలే. అది కావాలని చెయ్యట్లేదు. జారిన సంగతే దానికి తెలీదు.”

“అంటే వాషర్ అరిగిందన్నమాట!” ప్లంబర్ మొహం వెలిగిపోయింది. “మారుస్తారా?”

“మార్చం. మాత్రలతో బిగిస్తాం. కొన్నాళ్లు పడుతుంది. నీళ్లు మాత్రం ఆపకండి.”

ఆ కొన్నాళ్లూ గడవాలి కదా. దొరసానికి లంగోటీ కుట్టడానికి దర్జీ టేపు తీసింది. మొదటిది నాలుగడుగులకే జారిపోయింది. రెండోదానికి తోక చిల్లు పక్కకి పోయి, తోక ఊపినప్పుడల్లా దొరసాని గుండ్రంగా తిరిగింది. మూడోది కుదిరింది. లోపల మెత్తటి నూలు, మధ్యలో మూడు వరసల తువ్వాలు గుడ్డ, పైన వానకోటు గుడ్డ, నడుముకి గుండీలు. పుండ్లు పడకుండా తడవగానే మార్చి, ఒళ్లు కడిగి తుడవడం ప్లంబర్ వంతు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అత్తగారు బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆ గుడ్డని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“ఇది నిజంగా పీల్చుకుంటుందా?”

“రెండు మూడు గంటలు ఆగుతుంది అత్తయ్యా.”

“ఏం లేదూ, నాకు తెలిసినావిడ ఒకామె ఉంది. పాపం, నవ్వినా తుమ్మినా... అంతే.”

దర్జీ కత్తెర ఆగింది. ఏడాదిగా అత్తగారు చెల్లెలి ఊరికి వెళ్లకపోవడం, తన చీరలు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే ఉతుక్కోవడం, అన్నీ ఒక్కసారి మనసులో తిరిగాయి. కుక్కని కట్టెయ్యమని అన్నప్పుడల్లా, తన సంగతి తెలిస్తే ఏమంటారోనని ఈమె లోపల ఎంత కుచించుకుపోయిందో! కానీ దర్జీ తన మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

“ఆవిడ నడుము ఎంతుంటుంది?”

“ఎంతంటే... నా అంతే ఉంటుందిలే.”

“అయితే మిమ్మల్నే కొలుస్తాను, సరిపోతుంది. చేతులెత్తండి.”

టేపు నడుము చుట్టూ తిరుగుతుంటే అత్తగారు గోడకేసి చూస్తూ నిలబడి, చివర్న అంది. “తోక చిల్లు పెట్టకే. ఆవిడకి తోక లేదు.”

కోడలు ఆపుకోలేకపోయింది. ఆమెని చూసి అత్తగారూ పక్కున నవ్వి, వెంటనే పొట్ట పట్టుకుంది. “నవ్వించకే తల్లీ! ఆవిడకి మంచిది కాదు!”

నవ్వు తగ్గాక దర్జీ మెల్లిగా అంది. “ఆవిణ్ణి కూడా ఓసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా. మనుషుల డాక్టరుకే లెండి.”

“సరే. మావాడికి మాత్రం చెప్పకు. నాకూ వాషర్లంటాడు.”

మూడు వారాలకి మాత్రలు పనిచేశాయి. దొరసానికి ఇప్పుడు మధ్యాహ్నం నిద్రలో తప్ప ఆ గుడ్డతో పనిలేదు. మనుషుల డాక్టరు అత్తగారికి కండరం గట్టిపడే కసరత్తులు నేర్పింది. టీవీ చూస్తున్నట్టే ఉండి ఆమె అవి చేసేస్తుంది. కిందటి నెల కోడలు కుట్టిచ్చినవి నాలుగు సంచీలో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెల్లెలింటికి వెళ్లింది.

వారంలో వస్తానన్న మనిషి పది రోజులైనా కదల్లేదు. ప్లంబర్‌కి బెంగ పట్టుకుంది. “అమ్మకి ఒంట్లో బాగానే ఉందంటావా?”

“భేషుగ్గా ఉందండీ. పొద్దున్నే ఫోన్ చేశారు. అక్కాచెల్లెళ్లు నిన్న నాటకానికి వెళ్లి, మూడు గంటలూ కూర్చుని చూసి వచ్చారట.”

“నాటకమా? మా అమ్మా?” అని అతను నోరు తెరిచాడు. అప్పటికే దొరసాని తలుపు గీకుతోంది. నాటకం సంగతి తర్వాత తేల్చుకుందామని, చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెనక పరిగెత్తాడు.