గుళికల పొయ్యి ఆరిన ఆదివారం

తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చింది. పడకగది కిటికీ తెరిచే ఉంది. పొగ వాసన లేదు.

మాంసాన్ని పొగ మీద వండే ఆ స్మోకర్ పొయ్యి మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నా భయమంతా మంట గురించే. వెనక వసారాకి పదడుగుల దూరంలో పెట్టించాను, చాలదని మళ్ళీ ఇంకో ఐదడుగులు జరిపించాను. వానకి కరెంటు తీగ తడుస్తుందేమో, ఉడుతలు కొరుకుతాయేమో, చెక్క గుళికలు పోసే డబ్బాలోకి నిప్పు పాకి ఇల్లంతా అంటుకుంటుందేమో... మా అబ్బాయి హార్లన్ నవ్వేవాడు. "అమ్మా, నీ భయాలన్నీ ఒక కాగితం మీద రాసుకో, వారానికొకటి చొప్పున పడుదువు గాని, ఏడాదికి సరిపోతాయి" అనేవాడు. ఇన్ని భయాలు పడ్డదాన్ని, పొగ రాకపోతే ఏమిటని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

అందులోనూ అది సమాధులకి పూలు పెట్టే ఆదివారం. మా షేడీ గ్రోవ్ చర్చిలో మే నెలలో వస్తుంది. పొద్దున్నే అందరం మా మా వాళ్ళ సమాధుల దగ్గర గడ్డి పీకి, పూలు సర్ది, ప్రార్థన అయ్యాక చెట్ల కింద బల్లలు వేసుకుని కలిసి భోంచేస్తాం. ఆడవాళ్ళం తలో గిన్నె పట్టుకెళ్తాం. పంది మాంసం మాత్రం ఒక్క మగవాడి బాధ్యత. ఆ మనిషి ఎవరన్నది ముందు ఏడాది భోజనాలు అయ్యాక, అందరి ఎదుటా మా పాస్టరు బ్రదర్ టాలివర్ గారు పేరు చదివి చెబుతారు. పేరు చదివించుకున్నవాడు మరుసటి ఏడు పూల ఆదివారం ముందు రాత్రి నడుం వాల్చకూడదు. నిప్పు పక్కనే కూర్చోవాలి. ఎప్పటినుంచో అంతే.

మా ఆయన డాయిల్ పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. సిమెంటు దిమ్మెలు పేర్చి, హికరీ చెట్టు కట్టె కాల్చి, ఆ బొగ్గులు పారతో మాంసం కిందకి తోస్తూ. పక్కన సీసా కూడా ఉండేది, అందరికీ తెలుసు. ఆ సీసాయే చివరికి ఆయన్ని అదే చర్చి వెనక పడుకోబెట్టింది, ఈ ఏటికి నాలుగేళ్ళు. అలవాటు కొడుక్కీ వచ్చింది. వాడు మానేసి ఇరవై ఆరు నెలలయింది. నిరుడు బ్రదర్ టాలివర్ గారు "హార్లన్" అని చదివినప్పుడు, బల్లల దగ్గర ఒక్క క్షణం గాలి ఆడలేదు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. వాడు ఆ రోజు నుంచీ మెడ ఎత్తుకుని నడుస్తున్నాడు.

స్మోకర్ సంగతి తెలిశాక మాత్రం ముసలి హోబర్ట్ ఊరుకోలేదు. "ఇస్త్రీ పెట్టెలాగా ప్లగ్గు పెట్టి వండేదీ ఒక వంటేనట్రా? తీగ లాగేస్తే నీ వంటవాడు చచ్చినట్టేనా?" అన్నాడు. "అవును హోబర్ట్ తాతా, నీకు పెట్టిన ఆక్సిజన్ లాగానే" అన్నాడు మావాడు. హోబర్టే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

దాని పని తేలికే. డబ్బాలో గుళికలు పోస్తే అడుగున ఒక మర తిరుగుతూ వాటిని కొంచెం కొంచెంగా చిన్న నిప్పు గిన్నెలోకి తోస్తుంది. రెండు వందల పాతిక ఫారెన్‌హీట్ డిగ్రీలు అని పెడితే తనే చూసుకుంటుంది. లోపల ఎంత వేడి ఉంది, మాంసం ఎంత కాగింది అన్నీ ఫోన్లో గీతలా కనిపిస్తాయి. నా భయం చూడలేక వాడే అది నా ఫోన్లోనూ పెట్టాడు. ఇక నాకు అదే పని. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆరు పంది జబ్బలు లోపల పెట్టి మూత వేసి, నా వైపు తిరిగాడు. "అమ్మా, ఈ ఒక్క రాత్రి ఫోను ఆపేసి పడుకో. నా మీద ఆ మాత్రం నమ్మకం ఉంచు."

ఆపేశాను. నా జన్మలో నేను నమ్మి నిద్రపోయిన రాత్రి అదొక్కటే.

చెప్పులు కూడా వేసుకోకుండా వెనక తలుపు తీసుకుని వెళ్ళాను. హార్లన్ గడ్డిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. మోచేతుల దాకా తడి రంపపు పొట్టు. పక్కన బకెట్లో అదే పొట్టు, గంజిలా. స్మోకర్ అప్పుడే అంటుకున్నట్టు తెల్లటి చిక్కటి పొగ వదలడం మొదలుపెట్టింది.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు. శుభ్రం చేశాను. నువ్వెళ్ళి పడుకో."

నేను దగ్గరికెళ్ళి వాణ్ణి కౌగిలించుకున్నాను. పొద్దున్నే కౌగిలింతలు మా ఇంట్లో లేవు. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు, వాడికీ తెలుసు. కొయ్యలా బిగుసుకున్నాడు.

"చూడమ్మా. సరిగ్గా చూసుకో." నోరు తెరిచాడు. "ఇంకొంచెం దగ్గరికి రా."

కాఫీ, నిద్ర, పొట్టు. ఇంకేం లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూనే, ఏమైనా నమిలి వాసన పోగొట్టాడా అని కూడా అనుకున్నాను. నా బుర్ర అలాంటిది, ఏం చేసుకోను.

వంటింట్లోకి వచ్చి ఫోను ఆన్ చేశాను. గీత తొమ్మిది నుంచి చక్కగా పైకి పోయింది. పదకొండింటికి కొండ అంచు మీంచి పడినట్టు కిందకి దిగింది. ఐదు దాకా నేల మీదే పాకింది. మాంసం గీత నూరు దాకా, అంటే మనిషి ఒంటి వేడి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మెల్లగా జారింది. ఆరు గంటలు. మే నెల వెచ్చదనంలో, మూత కింద.

ఫోను తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను. వాడు దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"పడుకున్నాను" అన్నాడు. "నిన్న ఫ్యాక్టరీలో పది గంటలు కోళ్ళు కోసి వచ్చానా. కుర్చీలో కూర్చున్నాను. ఇది తనే చూసుకుంటుంది కదా, కళ్ళు మూసుకుంటే ఏం పోయిందనుకున్నాను. బుధవారం వానకి డబ్బా మూత సరిగ్గా పడలేదు. అడుగున గుళికలు నీళ్ళు తాగి ఉబ్బి పొట్టయిపోయాయి. మర ఇరుక్కుంది. నిప్పు ఆరిపోయింది."

"మరి ఇప్పుడు..."

"ఇప్పుడు మూడొందలు పెట్టాను కదమ్మా. పన్నెండున్నరకల్లా మాంసం రెండొందలకి వచ్చేస్తుంది. ఆ వేడికి ఏ క్రిమి బతుకుతుంది?"

"క్రిమి చచ్చినా అది వదిలిన విషం చావదని నువ్వే కదరా చెప్పావు. మీ ఫ్యాక్టరీలో చూపించారని. ఎంత ఉడికించినా పోదని."

నాకు కళ్ళ ముందు బల్లలు కనిపించాయి. తొంభై ఒక్కేళ్ళ ఓపల్ అవ్వ, పళ్ళు లేవని మెత్తటి ముక్కలు ఏరుకుని తింటుంది. బ్రదర్ గారి భార్య, మూడోసారి క్యాన్సర్ మందు ఎక్కించుకుని వారం కాలేదు. హోబర్ట్ మనవరాలు, ఏడో నెల కడుపుతో ఉంది. ఒక్కొక్కరినీ మనసులోనే తీసుకెళ్ళి సమాధుల్లో వరసగా పడుకోబెట్టాను, వచ్చే ఏడు వాళ్ళ మీద పూలు కూడా పెట్టాను.

"పారేద్దాం నాయనా. చెప్పేద్దాం."

"ఏమని? పడుకున్నానని చెబితే అక్కడ ఎవరికి 'నిద్ర' అని వినిపిస్తుందమ్మా? నీకు వినిపించిందా?"

నేను ఇంకో దారి చెప్పాను. "నేను తీగ లాగేశానని చెబుతాను. మంటకి భయపడి అర్ధరాత్రి వచ్చి లాగేశాననీ, పొద్దున నీకు తెలిసిందనీ. నా సంగతి అందరికీ తెలుసు కదా, ఇట్టే నమ్ముతారు."

వాడికి నవ్వు వచ్చి ఆగిపోయింది. "నమ్ముతారు. బాగా నమ్ముతారు. నాన్న కోసమూ ఇలాగే చెప్పేదానివి గుర్తుందా? మిల్లుకి ఫోన్ చేసి 'ఆయనకి కడుపులో నొప్పండీ, రాలేడండీ' అని. నేను పక్కనే కూర్చుని కార్న్‌ఫ్లేక్స్ తినేవాణ్ణి. ఆయన ఆ సోఫాలో పడి ఉండేవాడు. వద్దమ్మా. నాకు కడుపు నొప్పి పెట్టకు."

ప్లగ్గు వాడే పీకాడు. అప్పుడే వేడెక్కుతున్న జబ్బలు ఒక్కొక్కటీ తీసి చెత్త సంచుల్లో వేసి, రెండేసి ముళ్ళు వేసి, ట్రక్కు వెనకాల పెట్టాడు. ఆరో దాన్ని చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పైన రంగు ఎంత బాగా పట్టిందో.

చర్చి దగ్గర మగవాళ్ళంతా చెట్టు కింద ఉన్నారు. నేను డాయిల్ దగ్గర గడ్డి పీకుతున్నట్టు వంగి వింటున్నాను. హార్లన్ నేరుగా బ్రదర్ టాలివర్ గారి దగ్గరికి వెళ్ళాడు, కానీ అందరికీ వినపడేలాగే చెప్పాడు.

"మాంసం లేదు బ్రదర్ గారూ. నిప్పు ఆరిపోయింది. నేను నిద్రపోయాను. పారేశాను."

హోబర్ట్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కూర్చోలేదట్రా?"

"కూర్చున్నాను. నిద్రపట్టింది."

"మీ నాన్న ఎంత..." అని ఆగాడు హోబర్ట్. "ఆయనా కుర్చీలోనే ఉండేవాడు. నిప్పు మాత్రం ఆరలేదు."

అప్పుడు చూశాను. భుజం తట్టడానికన్నట్టు ఒకరు దగ్గరికి జరిగారు. చేయి కలపడానికి ఇంకొకరు. ప్రతివాడూ అవసరమైన దానికంటే ఒక అడుగు దగ్గరగా. మావాడు ఎవరినీ తోసెయ్యలేదు. నిలబడి ఒక్కొక్కరి ముక్కునీ రానిచ్చాడు. పొద్దున నేను చేసిందే వాళ్ళూ చేస్తున్నారు. నేను నేర్పినట్టే ఉంది.

భోజనాలకి బల్లలు సర్దేటప్పుడు అలవాటు కొద్దీ ఆడవాళ్ళం మధ్యలో చోటు వదిలేశాం. చిక్కుడు గింజలు, గుడ్లు, మొక్కజొన్న రొట్టె, పీచ్ పళ్ళ తీపి, అన్నీ చుట్టూ ఉన్నాయి. మధ్యలో తెల్లటి గుడ్డ. ఎవరికీ గిన్నెలు అక్కడికి జరపడానికి చెయ్యి రాలేదు. ఓపల్ అవ్వ మాత్రం, "పందేదే?" అని మూడుసార్లు అడిగింది.

అందరూ తిన్నాక బ్రదర్ గారు లేచి కాగితం తీశారు. హోబర్ట్ చెయ్యి ఎత్తాడు. "వచ్చే ఏటి పేరు చదివే ముందు ఈ ఏటిది తేలాలి కదా బ్రదర్ గారూ. తేలకపోతే ఈ అబ్బాయి పేరు ఇక ఎప్పుడూ చదవలేం. నేను చెడ్డగా అనడం లేదు."

"అనడం లేదట" అంది మా ఆడపడుచు లొరెట్టా. మెత్తగా మాట్లాడటం దానికి పుట్టుకతోనే రాలేదు. "ఎందుకీ గుసగుసలు? ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది కదా. వెర్నా వదినా, నువ్వు చెప్పు. వాడు నిద్రే పోయాడా?"

అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి. హార్లన్ మాత్రం తిరగలేదు. పళ్ళెంలో చెంచాని చూస్తున్నాడు.

నేను చూడలేదు. నేను నిద్రపోయాను. నాకు తెలిసింది ఒక్కటే, వాడు తాగలేదని; అది ఎలా తెలిసిందో చెప్పకుండా చెప్పడానికి వీల్లేదు. నిమ్మరసం గ్లాసు తీసుకుని తాగకుండానే పెట్టేశాను.

"నేను చూడలేదు" అన్నాను. "పొద్దున ఐదింటికి లేచి, మొదట అదే అనుకున్నాను. మీ అందరికంటే ముందు నేనే అనుకున్నాను. వాణ్ణి పట్టుకుని నోరు వాసన చూశాను. కాఫీ తప్ప ఏమీ లేదు."

ఎక్కడో ఒక చెంచా చప్పుడైంది. లొరెట్టా పగలబడి నవ్వింది. "ఇంకేం కావాలి! ఎవరైనా తుమ్మితే శవపేటిక కొలతలు తీసే మనిషి మా వదిన. ఆవిడ వెతికి దొరకలేదంటే ఈ జిల్లాలోనే సారా లేదని!"

నవ్వు బల్లల వెంట పాకింది. హోబర్ట్ కూడా నవ్వి, "వెర్నా చెప్పాక ఇక మాటేముంది" అని టోపీ సర్దుకున్నాడు. బ్రదర్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చూడకుండానే "హార్లన్" అన్నారు. "ఈసారి మేమూ ఇద్దరు ముగ్గురం వచ్చి కూర్చుంటాం, ఏమంటావు?"

"రండి" అన్నాడు మావాడు. అందరితో పాటు నవ్వలేదు. ఓపల్ అవ్వ పళ్ళెం తీసుకెళ్ళి ఆవిడకి కావలసింది వడ్డించి ఇచ్చాడు. నా వైపు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కు వెనకాల సంచులు ఎండకి అప్పుడే వాసన పట్టాయి. రెండు మైళ్ళ దాకా నేను దారి పక్కన కంచె గుంజలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"నీ మాటతోనే నా పేరు నిలబడింది" అన్నాడు చివరికి.

"నిజమే కదరా చెప్పాను."

"నిజమే. అదే కదా." గేరు మార్చాడు. "వంద మంది విన్నారు, ఇరవై ఆరు నెలల తర్వాత కూడా మా అమ్మ పొద్దున్నే నా నోరు వాసన చూస్తుందని. వాళ్ళు నవ్వారు. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఒక్కటి అడుగుతాను, చెప్పు. రేపు పొద్దున కూడా చూస్తావా?"

చూడనని చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు.

వాడు తల ఊపాడు. కోపంగా కాదు, వాతావరణం సంగతి విన్నట్టు. అద్దం కిందకి దించి, చెయ్యి బయట పెట్టి బండి పోనిచ్చాడు. ఇంటికి ఇంకా నాలుగు మైళ్ళుంది.