అట్ట మీది మొహం

లాండ్రీలో ఆమె రోజుకు నూటయాభై చొక్కాలు ఇస్త్రీ చేసేది. పక్క బల్ల దగ్గర మడతల తాత వాటిని మడిచి, లోపల అట్టముక్క పెట్టేవాడు. భర్త పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి ఎవరేం అడిగినా ఆమె నోట ఒకటే మాట, "మీ ఇష్టం." వేలు కాలినా ఆమెకు తెలిసేది కాదు. పక్కవాళ్లు చెప్పాలి.

ఒకరోజు అన్నాలయ్యాక తాత ఒక అట్ట తీసుకుని ఆమె బొమ్మ గీశాడు. చిటికెనవేలంత పెన్సిలు ముక్క, రెండు కాలిన అగ్గిపుల్లలు, అంతే సరంజామా. నీడలు బొటనవేలితో రుద్దాడు.

"బాగుందా అమ్మాయ్?"

"మీ ఇష్టం తాతా."

"బాగుందో లేదో కూడా నేనే చెప్పాలా?" అని అట్ట ఆమె చేతిలో పెట్టాడు.

తాత గీసిన బొమ్మలు కదులుతాయి. లాండ్రీ గోడ మీది యజమాని బొమ్మ మధ్యాహ్నాలు కునుకు తీస్తుంది, పనివాళ్లు కాస్త మెల్లగా మాట్లాడుకుంటారు. ఆమె ఉండేది అన్నయ్య ఇంట్లో. వదిన ఆ అట్టను ముందుగదిలో మేకుకు తగిలించింది.

ఆ నెలలోనే అన్నయ్య సంబంధం తెచ్చాడు. సైకిళ్ల కొట్టాయన, భార్య పోయింది, నెమ్మదస్తుడు.

"నీ ఇష్టం అన్నయ్యా," అందామె.

ఆదివారం ఆయన వచ్చాడు. టీ గ్లాసుతోనే లేచి బొమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఎవరు గీశారో గానీ, పెదవులు చూడండి, ఒక్కటే గీత. అలసటంతా అందులోనే ఉంది." ఆమె వైపు తిరిగాడు. "మీకు ఇష్టమేనా?"

"అన్నయ్య ఎలా అంటే అలా."

బొమ్మ మెల్లగా మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన కాసేపు చూసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. "జవాబు వచ్చిందండీ," అని చెప్పులు వేసుకున్నాడు.

"నోటితో ఒకటి, మొహంతో ఒకటి," అని గొణుక్కుంటూ అన్నయ్య లోపలికి పోయాడు.

ఆమె మొదటిసారి బొమ్మ దగ్గర నిలబడింది. తాత గీయని చెవి ఇప్పుడు కనిపిస్తోంది. చెవి వెనక చెదిరిన వెంట్రుకలు, మెడ మీద పుట్టుమచ్చ, అన్నీ ఆ అగ్గిపుల్ల నలుపులోనే. పుట్టుమచ్చ సంగతి ఆమే మరిచిపోయింది. మెడ తడిమి చూసుకుంది.

"బాగుంది," అంది.

వదిన గ్లాసులు తీస్తూ అడిగింది. "వచ్చేవారం ఇంకొకరిని రమ్మననా అంటున్నాడు మీ అన్నయ్య."

"వద్దు వదినా."

వదిన లోపలికి తల తిప్పింది. "వద్దంటోందండీ."

"ఎవరు, బొమ్మా?"

"కాదు. తనే."